ఎవరి చెవి, ఎవరి పేరు

నా భార్య, అతని భార్య సొంత అక్కచెల్లెళ్ళు. అలా మేమిద్దరం తోడల్లుళ్ళం అయ్యాం. ఒకే షెడ్డులో ముప్పై ఏడేళ్ళు పనిచేశాం. నేను మోటార్ల దగ్గర, అతను స్టోరు గదిలో. నన్ను అందరూ మేస్త్రి అంటారు, అతన్ని స్టోరు అంటారు. అతను నన్ను అన్నయ్యా అని పిలుస్తాడు. నేను అతన్ని ఏమీ పిలవను. పని ఉంటే వెళ్ళి ఎదురుగా నిలబడతాను.

మాది పంపులు, మోటార్లు బాగుచేసే షెడ్డు. మోటారు చెడిపోయి వస్తే మిగతావాళ్ళు మూత విప్పి చూస్తారు. నేను విప్పను. తిప్పమంటాను. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మోటారు మీద పెట్టి, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించి వింటాను. బేరింగు పోతే లోపల ఎవరో గొణుక్కుంటున్నట్టు ఉంటుంది. పంపులో గాలి జొరబడితే దగ్గుతుంది. గేరు అరిగితే పళ్ళు కొరుకుతుంది. బెల్టు వదులైతే ఈల వేస్తుంది. ఈ మాటలు నాకు ఎవరూ నేర్పలేదు. విని విని నేనే పెట్టుకున్నాను. గొణుగుతోంది అని నేనంటే చాలు, స్టోరు గదిలోంచి కొత్త బేరింగు వచ్చేసేది.

ఓనరుగారి అమ్మాయి ఇంజనీరు చదువు చదివి వచ్చి షెడ్డు చూసుకోవడం మొదలుపెట్టింది. ఆమెను ఇంజనీరమ్మ అంటాం. ఒకరోజు మా ఇద్దరినీ ఆఫీసు గదిలోకి పిలిచింది. బల్ల మీద కంప్యూటరు పెట్టి ఉంది. దాని తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి, రంపం పళ్ళలాగా ఎగుడుదిగుడుగా సాగి ఉంది.

“మేస్త్రి గారూ, ఇది మోటారు చప్పుడు. పక్క ఊరి షెడ్డు వాళ్ళు ఫోనులో రికార్డు చేసి పంపారు. ఇకమీదట ప్రతి మోటారూ లారీ ఎక్కి మన దగ్గరికి రానక్కర్లేదు, చప్పుడొస్తే చాలు. మీరు వింటూ ఎక్కడ ఏం లోపముందో చెప్పండి. ఆ చోట గీత మీద నొక్కితే ఇదిగో, ఇలా పసుపు గడి వస్తుంది. అందులో మీ మాట రాస్తే అక్కడే అతుక్కుని ఉండిపోతుంది. తర్వాత ఎవరు విన్నా, చప్పుడు సరిగ్గా ఆ చోటికి రాగానే మీ మాట కనిపిస్తుంది.”

“రాయడం...” అన్నాను.

నేను మూడో తరగతితో మానేశాను. అక్షరాలు తెలుసు. వాటిని వెతుక్కుని వరసలో పెట్టేసరికి చెప్పదలుచుకున్నది చల్లారిపోతుంది.

“మీరు రాయక్కర్లేదండీ. బాబాయిగారు ఉన్నారుగా. స్టోరు రిజిస్టరులో ఆయన రాత చూశాను, కళ్ళకద్దుకోవచ్చు.”

“ఎంతమాటమ్మా,” అని అతను మెలికలు తిరిగాడు.

మర్నాటి నుంచి మొదలైంది. హెడ్‌ఫోన్లు ఒకటే జత. అవి నేను పెట్టుకునేవాణ్ణి. అతను పక్క కుర్చీలో మౌసు పట్టుకుని నా మొహం చూస్తూ కూర్చునేవాడు. నేను చెయ్యి ఎత్తితే చప్పుడు ఆపేవాడు. గొణుగుతోంది అంటే టకటకా కొట్టేవాడు. ఒక్క మాట చెబితే అతను నాలుగు రాసేవాడు. “ఈ చోట బేరింగు గొణుగుతున్నది. వెంటనే మార్చవలెను.” అలా చదివి వినిపించి, “బాగుందా అన్నయ్యా?” అనేవాడు. నేను తలూపేవాణ్ణి.

నెల రోజులు నేను గమనించలేదు. ఒకనాడు చత్వారపు అద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగితే కనిపించింది. ప్రతి పసుపు గడి కింద చిన్న అక్షరాలతో ఒక పేరుంది. అతని పేరు. అన్నిటికిందా అదే పేరు. కంప్యూటరులోకి ఎవరి పేరుతో వెళితే ఆ పేరు దానంతటదే పడుతుందట. ఆ గడిలో నా పేరుకి చోటే లేదు.

“ఇదేంటి?” అని వేలు పెట్టి చూపించాను.

“అదా? అదంతే అన్నయ్యా, సాఫ్టువేరు. దానికేం తెలుసు, ఎవరు విన్నారో ఎవరు రాశారో.”

దానికి తెలియదు సరే. మనుషులకు కూడా తెలియకుండా పోయింది. పక్క ఊళ్ళ షెడ్ల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. అందరూ అతన్నే అడిగేవారు. “మీ చెవిలో ఏముంది సార్, మేం విప్పి చూస్తే అచ్చం మీరు రాసినట్టే ఉంది.” అతను నా వైపు ఓరకంట చూసి, “అయ్యో, నాదేముందండీ, మా అన్నయ్యగారు కూడా పక్కనే ఉంటారు,” అనేవాడు. కూడా అట.

మా రెండు ఇళ్ళకీ మధ్య ఇంకో రెండిళ్ళే అడ్డం. అక్కచెల్లెళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కలవకపోతే వాళ్ళకు తోచదు. భోజనానికి కూర్చోగానే నా భార్య మొదలుపెట్టేది.

“ఇవాళ మరిదికి మూడు ఊళ్ళ నుంచి ఫోన్లటగా. చెల్లి చెప్పింది. ఆయన చెవిలో మహత్యం ఉందంటున్నారట.”

“ఎవరి చెవిలో?”

“మరిది చెవిలోనే. పాపం, ఇన్నాళ్ళూ ఆ స్టోరు గదిలో పడుండి వెలుగులోకి రాలేదు గానీ. అవునూ, మీరేం చేస్తుంటారు అక్కడ?”

“కూర్చుంటాను.”

“కూర్చోడానికి అంత దూరం ఎందుకు, ఇక్కడే కూర్చోవచ్చుగా.”

కంచం పక్కకు నెట్టేశాను. ఆ మాట అన్నది ఆమె. కోపం మాత్రం అతని మీదే వచ్చింది.

ఆ రోజుల్లో నేను చేసిన పనులు చెప్పుకుంటే సిగ్గు. మెత్త ఉన్న కుర్చీ అతనికంటే ముందు వెళ్ళి ఆక్రమించుకునేవాణ్ణి. బల్ల ఫ్యాను నా వైపు తిప్పుకునేవాణ్ణి. అతను టీకి వెళ్ళినప్పుడు ఫోను మోగకుండా నొక్కేసేవాణ్ణి. అతను ఏమీ అనేవాడు కాదు. చెమట తుడుచుకుంటూ చెక్క కుర్చీలో కూర్చుని, “మొదలెడదామా అన్నయ్యా?” అనేవాడు. అలా అన్నకొద్దీ నాకు ఇంకా మండేది. ఒక్కసారి తిట్టినా బాగుండేది.

ఇంతలో పక్క ఊళ్ళ షెడ్ల నుంచి ఎనిమిది మంది పని చూసిపోదామని వచ్చారు. ఇంజనీరమ్మ వాళ్ళను ఆఫీసు గదిలోకి తీసుకొచ్చింది. అప్పుడు హెడ్‌ఫోన్లు తీసేసి చప్పుడు గదంతా వినిపించేలా స్పీకరులో పెట్టారు. అతను లేచి నిలబడ్డాడు. పాత రికార్డింగు ఒకటి తెరిచి, పసుపు గడి దగ్గరికి రాగానే ఆపాడు.

“విన్నారా? ఇదిగో, ఇక్కడ గొణుగుతోంది. అదే ఇంకొకటి పెడతా వినండి. ఇది దగ్గుతోంది, అంటే గాలి జొరబడిందన్నమాట. ఇది పళ్ళు కొరుకుతోంది.”

“అబ్బ, ఏం మాటలండీ! సరిగ్గా అలాగే ఉంది,” అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకడు. “ఎలా తట్టాయండీ మీకు?”

అతను నవ్వాడు. ఒక్క క్షణం నా వైపు చూశాడు. అప్పుడు ఎవరో ఇంకో ప్రశ్న వేశారు. దానికి జవాబు చెబుతూ ఉండిపోయాడు.

నేను గోడవారగా నిలబడి ఉన్నాను. ఒకడు ఖాళీ టీ గ్లాసు నా చేతికిచ్చాడు.

పేరు పోతే పోయింది. మాటలు కూడా పోయాయి. నేను కూడబెట్టుకున్నవి ఆ నాలుగు మాటలే. ఆ గ్లాసు పట్టుకుని నిలబడినప్పుడే అనుకున్నాను, వీడి పేరు మీద ఒక్క తప్పు పడాలని. అది అందరూ చూడాలని.

తప్పు చేయించడం కష్టమేమీ కాదు. అతను నేను చెప్పిందే రాస్తాడు.

ఆ సోమవారం ఒక పిండిమర మోటారు చప్పుడు వచ్చింది. బేరింగు శుభ్రంగా గొణుగుతోంది. “బెల్టు వదులు,” అన్నాను. అతను రాశాడు. బుధవారం ఒక పెద్ద ఫ్యాను. అదీ గొణుగుడే. “బాగుంది,” అన్నాను. రాశాడు. గురువారం ఒక నీళ్ళ పంపు. గొణుగుడు సన్నగా, లోతుగా ఉంది. చివరి దశ అది. ఆ రోజు ఉక్కగా ఉండి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ విన్నాను. “బాగుంది,” అన్నాను. అదీ రాశాడు. మూడుసార్లూ అతను చదివి వినిపించబోతే, “చాల్లే,” అని ఆపేసి హెడ్‌ఫోన్లు తీసేశాను. అన్నం సహించింది ఆ రోజు.

ఇక ఎదురుచూడడం మిగిలింది. బెల్టు బిగిస్తారు, రెండ్రోజుల్లో మర ఆగిపోతుంది, ఫోను చేసి అతన్ని దులిపేస్తారు అనుకున్నాను.

శనివారం ఫోను మోగింది. అతనే ఎత్తాడు. అవతలివాడి గొంతు నాకూ వినపడుతోంది. పిండిమర వాడు.

“మీకు దండం పెట్టాలి సార్. మీరు రాసినట్టే బేరింగు విప్పి చూస్తే గుండ్లన్నీ పొడిపొడి. ఇంకొక్క రోజు తిప్పుంటే మోటారే పోయేది.”

బేరింగు అట. నేను బెల్టు అన్నాను.

మధ్యాహ్నం ఫ్యాను వాళ్ళు చేశారు. అక్కడా అదే మాట. బేరింగు. మీరు రాసినట్టే.

నేను అబద్ధం చెబితే నిజం ఎలా రాశాడు? ఒకటే దారి ఉంది. అతనికీ వినపడుతోంది. నా పక్కన కూర్చుని, నా చెవిలోది కూడా పట్టేశాడు. పేరు అతనిది, మాటలు అతనివి, ఇక చెవి కూడా అతనిదే. అంతకుముందు పడ్డ కుళ్ళు ఈ కుళ్ళు ముందు ఏపాటిది. ఆదివారం రోజంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. నా భార్య వచ్చి నుదురు పట్టుకు చూసింది.

“జ్వరం లేదే. మరేంటి?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే లేచి కూర్చోండి. మరిది చూడండి, ఆదివారం కూడా ఎంత హుషారుగా...”

లేచి బయటికి వెళ్ళిపోయాను.

సోమవారం పొద్దున నేను ముందే వెళ్ళి గదిలో ఉన్నాను. అతను లోపలికి రాగానే తలుపు మూశాను.

“నీకు వినపడుతుందా?”

“ఏంటన్నయ్యా?”

“బెల్టు అని చెప్పాను. బేరింగు అని రాశావు.”

అతను చేతిలోని సంచి మెల్లగా బల్ల మీద పెట్టాడు. చెక్క కుర్చీలో కూర్చున్నాడు.

“నాకేం వినపడుతుంది అన్నయ్యా. హెడ్‌ఫోన్లు నీ చెవికే ఉంటాయి కదా. ఉన్నా నాకు తెలీదు. మొన్న అంతమంది ముందు స్పీకరులో పెట్టానే, నాకు అన్నీ ఒకటే రొద. పసుపు గడిలో రాసుంది చదివానంతే.”

“మరి?”

“నీ మొహం చూసి రాశాను.”

చెయ్యి నా మొహం మీదికి పోయింది.

“బేరింగు పోయిన చప్పుడు చెవిన పడితే నీ కింది పెదవి లోపలికి పోతుంది. బెల్టు అయితే ఎడమ కనుబొమ లేస్తుంది. గాలి అయితే నువ్వే ఒకసారి గొంతు సవరించుకుంటావు. ఆర్నెల్లుగా నీ మొహం తప్ప నాకింకో పనేముంది అక్కడ? సోమవారం పెదవి లోపలికి పోయింది, నోరు బెల్టు అంది. ముసలితనం కదా, నోరు జారిందేమో అనుకున్నా. అడిగితే నీకు కోపమొస్తుందని పెదవి ప్రకారం రాసేశా. బుధవారం కూడా అలాగే చేశావు. అప్పుడు అర్థమైంది, కావాలని అంటున్నావని.”

“అర్థమై కూడా అడగలేదా?”

“ఏమని అడగను? నేను చేసింది మాత్రం తక్కువా? అంతమందిలో ఆ మాటలు మా అన్నయ్యవి అని ఒక్క ముక్క అంటే నా సొమ్మేం పోయేది? నోటిదాకా వచ్చింది. అనలేదు. ముప్పై ఏడేళ్ళు ఆ కిటికీలోంచి బేరింగులు అందిస్తూ నిన్ను చూశానన్నయ్యా. అందరూ నీ చుట్టూ మూగి నోరు తెరుచుకుని చూస్తుంటే, నాకు ఒక్కసారైనా అలా... సరేలే. మొన్న ఆ ఒక్క పూటా దక్కింది. వదులుకోలేకపోయాను.”

అతను తల దించుకున్నాడు. జాలి పడవలసిన చోట నాకు ముందు కలిగింది ఊరట. వాడికి వినపడదు. చెవి నాదే. ఆ సంతోషం తీరకముందే రెండో సంగతి గుండెలో గుచ్చుకుంది.

“నువ్వు మార్చింది ఎన్ని?” అన్నాను.

“రెండు.”

“నేను చెప్పింది మూడు.”

అతను లేచి నిలబడ్డాడు. “మూడోదేది?”

“గురువారం. నీళ్ళ పంపు.”

“గురువారం నీ మొహానికి తువ్వాలు అడ్డం ఉంది అన్నయ్యా! నువ్వు బాగుందన్నావు, నేను బాగుందనే రాశా!”

కంప్యూటరు ముందు కూర్చుని వెతికాడు. గురువారం ఒక్కరోజే నీళ్ళ పంపులు ఏడు వచ్చాయి. ఐదింటికి బాగుందనే రాసి ఉంది. ఏది ఎక్కడిదో పేరుతో కాకుండా నంబర్లతో ఉంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఒకటోది బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. మూడోది మొదలైన మూడు సెకన్లకే చెయ్యెత్తాను. అతను నంబరు చూసి, చీటీలో వెతికి, నా వైపు తిరిగాడు.

“ఆసుపత్రి అన్నయ్యా. పై అంతస్తులకు నీళ్ళెక్కించే పంపు.”

తెర మీద పసుపు గడి. “బాగున్నది. ఏమియు చేయనక్కరలేదు.” కింద అతని పేరు.

“వాళ్ళు ఇంకా ఫోను చెయ్యలేదంటే నడుస్తూనే ఉండుంటుంది,” అన్నాడు అతను. “నేను గడిలో మాట మార్చేసి వాళ్ళకు కబురు పెడతా. పొరపాటు పడ్డానని చెబుతా. నా పేరే ఉంది కదా, నాతో పోతుంది. నిన్ను ఎవరూ అడగరు.”

అతని చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

మంచితనంతో పట్టుకున్నానని ఎవరైనా అనుకుంటే అది అబద్ధం. నాకు మళ్ళీ మండింది. అబద్ధం నేనాడాలి, తప్పు తన మీద వేసుకున్న పెద్దమనిషి మాత్రం వీడవ్వాలి. చెల్లి వచ్చి అక్కకు చెబుతుంది, అక్క భోజనాల దగ్గర నాకు వడ్డిస్తుంది. నా తప్పు కూడా వాడి పేరుకే పోవడం నావల్ల కాలేదు.

“వద్దు. ఇది నాది,” అన్నాను.

ఇంజనీరమ్మ షెడ్డులో ఉంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అతను వెనకే వచ్చాడు.

“ఆసుపత్రి పంపు ఆపించాలమ్మా. బేరింగు ఆఖరికొచ్చింది.”

“బాగుందని రాశారుగా?”

“నేను చెప్పాను. అబద్ధం.”

ఆమె ముందు ఫోను తీసింది. ఆసుపత్రి వాళ్ళతో ఆ పంపు ఆపి పక్క పంపు వేసుకోమని చెప్పింది. మోటారు మూత మీద చెయ్యి పెట్టి చూడమంది. అవతలివాడు వెళ్ళి వచ్చి, చెయ్యి పెట్టలేకపోతున్నాం, కాలిపోతోంది అన్నాడు. మన మనిషి గంటలో వస్తాడని చెప్పి ఫోను పెట్టేసింది.

“ఎందుకలా చెప్పారు మేస్త్రి గారూ?”

చెప్పడానికి చాలా ఉంది. పేరు సంగతి, మాటల సంగతి, టీ గ్లాసు సంగతి.

“కుళ్ళు,” అన్నాను.

“ఎవరి మీద?”

వెనక నుంచి అతను దగ్గాడు. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. షెడ్డులో సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. అందరూ వింటున్నారు.

“నాదీ తప్పుందమ్మా,” అని అతను మొదలుపెట్టాడు. “మొన్న వాళ్ళొచ్చినప్పుడు ఆ మాటలన్నీ అన్నయ్యవని...”

“నిన్నెవరు అడిగారు?” అన్నాను నేను.

ఇంజనీరమ్మకు నవ్వొచ్చిందో ఏమో, మొహం పక్కకు తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి గట్టిగానే ఉంది.

“ఆసుపత్రిలో నీళ్ళాగిపోతే ఏమయ్యేదో మీకు నేను చెప్పక్కర్లేదు. రండి.”

గదిలోకి తీసుకెళ్ళి కంప్యూటరులో నా పేరు పెట్టింది. నాకు సొంతంగా ఒక దారి తెరిచింది. అసలు ఆ పని మొదటి రోజే చేయాల్సింది, నాకు తోచలేదు, అంది. చెప్పినవాడే రాయాలి, ఇకమీదట అదే పద్ధతి, గంట పట్టినా సరే, అంది. నన్ను కూర్చోబెట్టి వెళ్ళిపోయింది.

గంట కంటే ఎక్కువే పట్టింది. అక్షరాలు ఎక్కడెక్కడో ఉన్నాయి. బే కోసం చాలాసేపు వెతికాను. అతను పక్కనే కూర్చుని ఉన్నాడు. ఉండబట్టలేక చెయ్యి చాపాడు.

“నేను నొక్కుతానన్నయ్యా.”

“ఎక్కడుందో చూపించు. నొక్కకు.”

చూపించాడు. నొక్కాను. ఒక్కో అక్షరం నొక్కి, తెర మీద అది పడిందో లేదో చూసుకుని, ఇంకో అక్షరానికి వెళ్ళాను. “బాగుందని చెప్పింది నేను. అది అబద్ధం. బేరింగు గొణుగుతోంది.” కింద నా పేరు పడింది. అంత పనిలోనూ ఆ పేరుకేసి రెండుసార్లు చూసుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఫోను మోగింది. అలవాటుగా అతనే ఎత్తాడు. విని, ఒక చేత్తో ఫోను మూసి నా వైపు తిరిగాడు.

“ఆసుపత్రి పంపుల దగ్గర మనిషి. పసుపు గడిలో పేరు చూశాడట. నిన్నే అడుగుతున్నాడు. చాలా కోపంగా ఉన్నాడు, నువ్వు లేవని చెప్పేయనా?”

చెయ్యి చాపి ఫోను తీసుకున్నాను.

“నువ్వేనా బాగుందని చెప్పింది?”

“నేనే.”

తిట్టడం మొదలుపెట్టాడు. చెవులున్నాయా అన్నాడు. ఎన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నావన్నాడు. నీలాంటివాణ్ణి ఎవరు పెట్టుకున్నారన్నాడు. పైన ఎంతమంది మంచాల మీద ఉన్నారో తెలుసా అన్నాడు. అన్నీ న్యాయమే. నేను ఊఁ కొడుతూ విన్నాను. అతను చూడలేక ఫోను ఇమ్మని చెయ్యి చాపాడు, నేను మాట్లాడి సర్దిచెబుతా అన్నట్టు. నేను కుర్చీ అటువైపు తిప్పుకుని, ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.